రేణిగుంట నుంచి మధురపూడికి గంటా పావేనట!

రాజమండ్రిలో కూతురి గృహప్రవేశం అనగానే మా మేనమామ ఒకటే మాటన్నాడు. "ఈసారి రైలొద్దురా అబ్బయ్యా, విమానమెక్కించు." 72 ఏళ్ళొచ్చినా ఆయన విమానం ఎక్కింది లేదు.

ఫోన్లో వెతికితే తిరుపతి విమానాశ్రయమున్న రేణిగుంట నుంచి రాజమండ్రి విమానాశ్రయమున్న మధురపూడి దాదాపు 460 కిలోమీటర్లు, గంటా పావు ప్రయాణం అని చూపించింది. మా నెల్లూరు నుంచి రైలుకు ఏడు గంటలు. ఇంకేం, హాయి అనుకున్నాను.

తీరా టికెట్లు తీయబోతే, అది మ్యాపు మీద స్కేలు పెట్టి గీసిన గీత లెక్క. మేం వెళ్ళాల్సిన రోజు నేరుగా విమానం దొరకలేదు, హైదరాబాద్‌లో మారాలి. ఉత్తరానికి 420 కిలోమీటర్లు పోయి, అక్కణ్ణుంచి తూర్పుకు ఇంకో 360. ముక్కేదంటే తల చుట్టూ తిప్పి చూపించినట్టు!

అసలు మన తిప్పలు రన్‌వే దాకా చేరడంలోనే ఉన్నాయి. దగదర్తి విమానాశ్రయం మాట ఏళ్ళుగా వింటూనే ఉన్నాం. అది వచ్చేదాకా నెల్లూరోళ్ళకు మద్రాసో రేణిగుంటో దిక్కు. మద్రాసు దాదాపు 175 కిలోమీటర్లు, ఊళ్ళోకి దిగాక ట్రాఫిక్ అదనం. నాయుడుపేట, శ్రీకాళహస్తి మీదుగా రేణిగుంటే నయం. పొద్దున ఆరింటికి కారెక్కితే ఎనిమిదిన్నరకు దిగాం. టెర్మినల్ చిన్నది, శుభ్రంగా ఉంది. పెద్దవాళ్ళు ఎక్కువ నడవక్కర్లేదు. స్కానర్ దగ్గర మాత్రం మలై కాజా డబ్బా తెరిపించి, కారుతున్న పాకాన్ని అనుమానంగా చూశారు. తాపేశ్వరం వైపు కాజాలు మోసుకెళ్ళేవాళ్ళం మేమేనేమో!

హైదరాబాద్‌లో మూడు గంటలు పడిగాపులు. అక్కడి ఇడ్లీ ధర చూసి మామ తినలేదు, ఇంటి నుంచి తెచ్చిన పులిహోర పొట్లం విప్పాడు.

రెండోది రెక్కల దగ్గర ఫంకాలు తిరిగే ఏటీఆర్ రకం చిన్న విమానం. 78 సీట్లు, అటు రెండు ఇటు రెండు. పైన సామాను అర ఇరుకు, మోత చెవుల్లో రొద. కానీ దాని రెక్క కిటికీలకు పైన ఉంటుంది కాబట్టి కిందంతా అడ్డం లేకుండా కనపడుతుంది. దిగే ముందు గోదావరి, మధ్యలో ఇసుక మేటలు, పచ్చటి లంకలు. మామ అద్దానికి నుదురు ఆనించి, "పెన్నలో ఇన్ని నీళ్ళు ఎప్పుడు చూస్తామో" అన్నాడు.

లాడ్జికి చేరేసరికి సాయంత్రం అయిదు కావొచ్చింది. ఇంట్లో బయల్దేరి దాదాపు పదకొండు గంటలు, అందులో గాల్లో ఉన్నది రెండుంపావు. పుష్కర ఘాట్‌కు నడిచిపోయేంత దగ్గరని తీసుకున్న గది. ఆ మాట నిజమే. వేణ్ణీళ్ళు మాత్రం పొద్దున ఎనిమిది దాటితే రావని గదిలో దిగాక చెప్పారు. కింద గదివ్వమంటే లేదన్నారు, లిఫ్ట్ పనిచేయలేదు. పెద్దవాళ్ళతో వెళ్తే ఈ రెండూ ముందే ఫోన్ చేసి అడగండి.

తిరుగు ప్రయాణం రాత్రి రైలే. పడుకుని లేస్తే నెల్లూరు. ఖర్చు విమానంలో నాలుగో వంతు కూడా కాలేదు. స్టేషన్ నుంచి ఆటోలో ఇంటికొస్తూ, మామను ఈసారి దేంట్లో పోదామని అడిగాను.

"పోయేటప్పుడు కిటికీ సీటు, వచ్చేటప్పుడు కింది బెర్తు" అన్నాడు.