బర్గండీలో ఎర్ర వైన్లు: ఎక్కడ ఉండాలి, ఏ ఏడాదివి తాగాలి

ఎర్ర వైన్ కోసం ఫ్రాన్స్‌లోని బర్గండీ ప్రాంతానికి వెళ్తుంటే పెద్ద ఊరు డిజాన్‌లో కాకుండా చిన్న ఊరు బోన్‌లో దిగండి. డిజాన్ నుంచి రైల్లో ఇరవై నిమిషాలే కానీ, తాగాక రైలు కోసం పరిగెత్తడం నరకం. బోన్ పాత గోడల లోపల గది తీసుకుంటే సెల్లార్లన్నిటికీ (వైన్ దాచే నేలమాళిగలు) నడిచి వెళ్లొచ్చు. మేం దిగిన పాత ఇంట్లో లిఫ్ట్ లేదు, మెట్లు బాగా ఇరుకు. పెద్దవాళ్లుంటే ముందే అడగండి. నవంబరు మూడో ఆదివారం ఊళ్లోని పాత ధర్మాసుపత్రి హోస్పీస్ వైన్ల వేలం జరుగుతుంది, ఆ వారం గదులు దొరకడం కష్టం.

ఊళ్లో టికెట్ పెట్టి వైన్ పోసే ఒక పెద్ద సెల్లార్ నాకు నచ్చలేదు. తరవాతి గుంపు వస్తోందని గ్లాసు ఖాళీ కాకముందే తొందరపెట్టారు. అసలు రుచి దగ్గర్లోని వొల్నే అనే పల్లెలో తెలిసింది. ముందుగా మెయిల్ రాసి, పొమ్మార్ అనే ఊరి మీదుగా ద్రాక్షతోటల మధ్య సైకిల్ మీద వెళ్లాం. మేం వెళ్లింది ఓ చిన్న కుటుంబం వాళ్ల దొమేన్‌కి, అంటే సొంత తోటల ద్రాక్షతో వైన్ చేసే చోటికి. ఒకే తోట, ఒకే పినో న్వార్ ద్రాక్ష, మూడు వేర్వేరు ఏళ్ల వైన్లు వరసగా పోశారు.

2021 ఏప్రిల్‌లో మంచు ద్రాక్ష తీగల చిగుళ్లను మాడ్చేసింది, వేసవి కూడా చల్లగా గడిచింది. ఆ వైన్ గ్లాసు వెనక పెట్టిన వేళ్లు స్పష్టంగా కనిపించేంత పలచన. కానీ ముక్కు దగ్గర పెట్టుకుంటే రాస్ప్‌బెర్రీ గుప్పుమంటుంది, నాలుక మీద పులుపు చురుగ్గా ఉంటుంది. 2020 ఎండల ఏడాది, చాలా చోట్ల ఆగస్టులోనే కోతలు మొదలుపెట్టారు. నేరేడు రసంలా చిక్కటి రంగు, పంటి చిగుళ్లు పట్టేసే వగరు. గొప్ప వైనే, కానీ ఇంకా మూసుకునే ఉంది, అంటే వాసన, రుచి పూర్తిగా విచ్చుకోలేదు. 2017లో పంట బాగా పండింది. మెత్తగా, తేలిగ్గా, ఇప్పుడే తాగడానికి సిద్ధంగా ఉంది. భోజనానికి నా ఓటు దానికే. పేరున్న సంవత్సరం కోసం డబ్బు పోసేకన్నా ఇలాంటి తేలిక ఏడాదిలో మంచి తోట వైన్ కొనుక్కోవడం మేలని నా గట్టి నమ్మకం.

తోట పేరొక్కటే చూసినా లాభం లేదు. క్లో ద వూజో అనే పేరున్న తోట దాదాపు 50 హెక్టార్లు, యజమానులు సుమారు ఎనభై మంది; కాబట్టి ఒకే పేరుతో వచ్చినా వైన్లు ఒక్కలా ఉండవు. అక్కడి కోటలో సన్యాసుల కాలం నాటి భారీ చెక్క గానుగలు మాత్రం తప్పక చూడండి.

తిండి సంగతికొస్తే, అక్కడ ఎర్ర వైన్ పులుసులో ఉడికించే గుడ్ల వంటకంలో పంది ముక్కలు పడతాయి, వద్దనుకుంటే ముందే చెప్పాలి.

ఇండియాకు సుంకం లేకుండా రెండు లీటర్లే తేవచ్చు, అంటే రెండు సీసాలు. ఇంట్లో వైన్ ఫ్రిజ్ లేకపోతే 2020 తేకండి. మన ఎండలకు అది పరిపక్వానికి రాకముందే పాడైపోతుంది. 2017వి తెచ్చుకుని నెలలోపే తాగేయండి.