నైకీ పెగాసస్ 41: అడుగు రబ్బరు చూసి మోసపోవద్దు

నైకీ పరుగు షూల్లో పెగాసస్ వరస 1983లో మొదలైంది. ఈ 41వది 2024లో వచ్చింది. మిడ్‌సోల్ (పాదానికీ అడుగు రబ్బరుకీ మధ్య ఉండే మెత్తటి పొర) అంతా నైకీ వాళ్ల రియాక్ట్‌ఎక్స్ ఫోమ్, అందులో మడమ దగ్గరొకటి, ముందరిపాదం దగ్గరొకటి ఎయిర్ జూమ్ గాలి తిత్తులు. మడమ వైపు ముందుకన్నా 10 మి.మీ. ఎత్తు. రేసు షూలా తేలిగ్గా ఉండదు, మరీ పరుపులా దిగిపోదు కూడా. వారానికి మూడు నాలుగు రోజులు మామూలు వేగంతో పరిగెత్తేవాళ్లకి నిక్షేపంగా సరిపోతుంది. అరికాలు బాగా లోపలికి ఒరిగిపోయి, దానివల్ల ఇబ్బంది పడుతున్నవాళ్లకి మాత్రం ఇందులో ప్రత్యేకమైన ఆసరా ఏమీ లేదు.

అడుగున వేసిన రబ్బరు గట్టిది. మెచ్చుకోవాల్సిందీ, జాగ్రత్తపడాల్సిందీ దాని గురించే. రబ్బరు గళ్లు ఇంకా కనిపిస్తున్నాయి కదా అని షూ వాడుతూ పోతాం. ఈలోగా పైనున్న ఫోమ్ అలిసిపోతుంది. అడుగడుగునా శరీర బరువుకి రెండు మూడు రెట్లు ఒత్తిడి పడుతుంటే ఫోమ్‌లోని సన్నటి గదులు నలిగి, మళ్లీ పూర్తిగా పొంగవు. ఈ తరహా రోజువారీ షూలకి సాధారణంగా చెప్పే లెక్క 500 నుంచి 800 కి.మీ. బరువైనవాళ్లకి, మడమ గట్టిగా మోపేవాళ్లకి, ఎప్పుడూ తారురోడ్డు మీదే పరిగెత్తేవాళ్లకి 500 దగ్గరే పడొచ్చు. వారానికి 25 కి.మీ. పరిగెత్తితే అది 20 వారాలు. కొన్న తేదీ ఇన్సోల్ (షూ లోపల పాదం కింద పరిచే పొర) అడుగున పెన్నుతో రాసుకుంటే జ్ఞాపకం మీద ఆధారపడక్కర్లేదు.

కిలోమీటర్ల లెక్క లేకపోతే షూనే చూడాలి. రెండిటినీ బల్ల మీద పెట్టి వెనకనుంచి చూడండి. మడమ భాగం లోపలికో బయటికో ఒరిగి ఉంటే ఆ జత పని అయిపోయినట్టే. మిడ్‌సోల్ పక్కల మీద అడ్డంగా ముడతలు ఉండి, షూ ఖాళీగా ఉన్నప్పుడు కూడా అవి విప్పుకోకపోతే ఫోమ్ చచ్చిందని అర్థం. మడమ బయటి అంచు కాస్త అరగడం మామూలే. రబ్బరు అరిగి కింద ఫోమ్ బయటపడితే మాత్రం ఇక ఆలోచించక్కర్లేదు. కొత్త ఇన్సోల్ వేస్తే పాదానికి హాయిగా ఉంటుందే తప్ప మిడ్‌సోల్‌కి ప్రాణం రాదు.

నొప్పి వచ్చిన ప్రతిసారీ షూని తిట్టక్కర్లేదు. అసలు దోషి చాలాసార్లు ఒక్కసారిగా పెంచిన దూరమే. దూరం, వేగం ఏమీ మార్చకుండానే రెండు మూడు పరుగుల్లో వరసగా కాలి ముందు ఎముక లోపలి అంచు వెంబడి సలుపు, మోకాలి చిప్ప చుట్టూ నొప్పి మొదలైతే అప్పుడు షూని అనుమానించాలి. సలుపు పొడవునా పరుచుకుని ఉంటే పరుగు సగానికి తగ్గించి, నొప్పి లేనంత మేరకే పరిగెత్తాలి. వేలితో నొక్కినప్పుడు ఎముక మీద ఒకే చోట కలుక్కుమంటే, రాత్రి పడుకున్నా నొప్పి ఉంటే అది ఎముకలో సన్నని పగులు కావచ్చు. పరుగు ఆపేసి డాక్టరుకి చూపించాలి. ఒక్క పిక్క మాత్రమే వాచి, వేడిగా ఉండి నొప్పి పెడుతుంటే ఆ రోజే వెళ్లాలి. రక్తం గడ్డకట్టినా అలాగే ఉంటుంది.

పొద్దున మంచం దిగగానే మొదటి అడుగుల్లో మడమ కింద పొడిచినట్టుంటే అది చాలామటుకు అరికాలి పొర బాధ (ప్లాంటార్ ఫేషియైటిస్). పరుగు తగ్గించి, గోడకి చేతులానించి పిక్కని 30 సెకన్ల చొప్పున మూడుసార్లు సాగదీయాలి. రోజు విడిచి రోజు మెట్టు అంచున ముందరిపాదాలతో నిలబడి మడమలు ఎత్తి, మూడు లెక్కల్లో నెమ్మదిగా దించాలి. 12 సార్లు చొప్పున మూడు విడతలు. ఇంట్లో ఉత్త కాళ్లతో గట్టి నేల మీద తిరక్కపోవడం మంచిది.

కొత్త జత కొన్నాక పాతదాన్ని వెంటనే పారేయకండి. మొదటి రెండు వారాలు చిన్న పరుగులకి కొత్తది, మిగతావాటికి పాతది. ముఖ్యంగా ఇప్పటిదాకా మడమకీ ముందుకీ ఎత్తులో 4 మి.మీ. తేడా ఉన్న షూ వాడినవాళ్లకి పెగాసస్ 10 మి.మీ. మోకాలికి కొత్తగా అనిపిస్తుంది. తిరగేసి దీన్నుంచి తక్కువ ఎత్తుకి దిగేవాళ్లకి పిక్కలూ, మడమ వెనక స్నాయువూ పట్టేస్తాయి.

సైజు సాయంత్రం పూట, పరుగుకి వేసుకునే మేజోళ్లతోనే చూసుకోవాలి. నిలబడినప్పుడు పొడవాటి వేలి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. అది లేకపోతే దిగుడు దారిలో గోళ్లు నల్లబడతాయి. పాదం వెడల్పుగా ఉన్నవాళ్లు సైజు పెంచకుండా వెడల్పు రకం అడగాలి. సైజు పెంచితే మడమ జారుతుంది. ఉతకాలంటే వాషింగ్ మెషిన్ వద్దు. సబ్బు నీళ్లు, పాత బ్రష్ చాలు. లోపల కాగితం కుక్కి నీడలో ఆరబెట్టాలి. ఎండలోనో హీటర్ పక్కనో పెడితే జిగురు ఊడుతుంది, ఫోమ్ గట్టిపడుతుంది.