పదేళ్లలో మూడు చోట్లు మారిన మా డిష్

మా ఇంట్లో టీవీ డిష్ పెట్టించి పదేళ్లు దాటింది. డిష్ అప్పటిదే, 60 సెంటీమీటర్ల మామూలు ఆఫ్‌సెట్ రకం, అంటే సిగ్నల్ అందుకునే ముక్క మధ్యలో కాకుండా కింది వైపు ఉండేది. ఈ పదేళ్లలో ఆ ముక్కను, అంటే ఎల్‌ఎన్‌బీని ఒకసారి, కేబుల్ రెండుసార్లు మార్చాను. డిష్ ఉన్న చోటు మాత్రం ఇది మూడోది. సిగ్నల్ పోయిన ప్రతిసారీ డిష్‌నో కంపెనీనో తిట్టుకున్నాను గానీ, చాలాసార్లు తప్పంతా చోటుదే.

మొదట మెట్ల గది కప్పు మీద పెట్టించాను. "ఎంత పైన ఉంటే అంత బాగా అందుతుంది సార్" అన్నాడు బిగించడానికి వచ్చిన కుర్రాడు. నేనూ తలూపాను. ఉపగ్రహం ఉండేది భూమధ్యరేఖకు పైన 35,786 కిలోమీటర్ల ఎత్తులో. మనం ఇంకో పదడుగులు ఎక్కిస్తే దానికి ఒరిగేదేముంది? ఎదురుగా ఆకాశం అడ్డు లేకుండా కనిపిస్తే డిష్‌ను నేల మీద పెట్టినా పనిచేస్తుంది. పైకి ఎక్కించినందుకు మాకు అదనంగా దక్కింది గాలి ఒక్కటే.

గాలికి డిష్ తెరచాపలాంటిది. లెక్క చూడండి: 60 సెంటీమీటర్ల డిష్ అంచు 5 మిల్లీమీటర్లు కదిలితే దాని చూపు ఒక డిగ్రీ పక్కకు పోయినట్టు. సెంటీమీటరు కదిలితే రెండు డిగ్రీలు, ఇక బొమ్మ ఆగిపోయినట్టే. గాలివాన వచ్చిన ప్రతిసారీ నిచ్చెన వేసుకుని, ఒక చేత్తో స్పానర్, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని "ఇప్పుడొచ్చిందా?" అని అరవడం, కింది నుంచి "వచ్చింది... పోయింది" అని వినడం. దాన్ని భరించాను గానీ, యాంకర్ బోల్టుల కోసం కప్పులో వేసిన రంధ్రాల నుంచి నీళ్లు దిగి మెట్ల గది పైకప్పుకు చెమ్మ పట్టాక ఇక లాభం లేదని పీకించేశాను.

రెండో చోటు పిట్టగోడ. చేతికి అందుతుంది కదా అని సంబరపడ్డాను. ఈసారి తప్పు నాదే. గోడ పైవరస ఇటుకల్లోనే బోల్టులు వేయించాను. పైవరస మీద బరువేమీ ఉండదు కాబట్టి ఊపుడుకు ఇటుకలు వదులైపోయాయి, పైపు నెమ్మదిగా పక్కకు వాలింది. గోడకే బిగించక తప్పకపోతే కనీసం మూడు నాలుగు వరసలు కిందికి, ఇటుక మధ్యలో బోల్టు పడేలా చూసుకోండి.

అక్కడే ఇంకో చిక్కు, చెట్టు. బిగించినప్పుడు చెట్టు కొన డిష్ దారికి చాలా కిందే ఉంది. మూడేళ్లకు ఎదిగింది. ఆకులు రాలే కాలంలో అంతా బాగుండేది, చిగుళ్లు రాగానే సిగ్నల్ క్వాలిటీ పడిపోయేది, ఆకులు తడిస్తే మొత్తం పోయేది. అడ్డం చెట్టేనని తేలింది సూర్యుడి వల్ల. మా వైపు ఏటా మార్చి రెండో వారం, సెప్టెంబరు నెలాఖరు చుట్టుపక్కల కొన్ని రోజుల పాటు సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక నుంచి వెళ్తాడు, ఆ కాసేపు సిగ్నల్ ఎవరికైనా పోతుంది. ఆ సమయంలో డాబా ఎక్కి చూస్తే డిష్ మీద సగం మేర కొమ్మ నీడ పడి ఉంది! ఆ నిమిషంలో డిష్ మీద నీడ వేసేది ఏదైనా సిగ్నల్‌కు కూడా అడ్డమే. ఏ మీటరూ చెప్పనంత స్పష్టంగా తెలిసింది.

ఇప్పుడున్న మూడో చోటుకు అయిదేళ్లు. డాబా మీదే, పిట్టగోడకు అయిదడుగుల వెనక ఇనుప ఫ్రేము, దాని మీద నాలుగు కాంక్రీటు దిమ్మెలు, కింద రబ్బరు షీటు. ఎక్కడా ఒక్క రంధ్రం వేయలేదు. గాలిని గోడ కాచుకుంటుంది. మా దగ్గర ఉపగ్రహం బాగా ఎత్తులో ఉంటుంది కాబట్టి గోడ అడ్డం రాదు. ఉపగ్రహం దిగువన కనిపించే ప్రాంతాల్లో ఇంకా వెనక్కి జరగాలి: 45 డిగ్రీల కోణమైతే అడ్డం ఎంత ఎత్తుందో కనీసం అంత దూరం, 30 డిగ్రీలైతే దానికి 1.7 రెట్లు.

డిష్‌ను ఉపగ్రహం వైపు తిప్పుకోవడం ఈసారి నేనే చేశాను. ముందు పైపు నిటారుగా ఉండాలి, రసమట్టం రెండు వైపులా పెట్టి చూశాను. ఇది తేడా వస్తే డిష్ పక్కకు తిప్పిన కొద్దీ ఎత్తు కోణం కూడా మారిపోయి పిచ్చెక్కిస్తుంది. సెట్‌టాప్ బాక్సు టీవీలో చూపే సిగ్నల్ గీతల్లో చూడాల్సింది క్వాలిటీ గీత. స్ట్రెంగ్త్ గీతను నమ్మొద్దు, డిష్ ఖాళీ ఆకాశం వైపున్నా అది నిండుగానే కనబడొచ్చు. కొంచెం తిప్పి నాలుగైదు సెకన్లు ఆగాలి, బాక్సు నిదానంగా స్పందిస్తుంది. కుడి పక్క ఎక్కడ పడిపోయిందో, ఎడమ పక్క ఎక్కడ పడిపోయిందో గుర్తు పెట్టుకుని సరిగ్గా మధ్యలో ఆపాను. నట్లు ఒకేసారి బిగించేస్తే ఆ బిగింపుకే జరుగుతుంది, ఇటొకటి అటొకటి కొద్దికొద్దిగా బిగించాలి. చివర్లో, తర్వాత జరిగితే తెలిసేలా పైపు మీద పెయింటుతో గీత గీశాను.

కేబుల్ గురించి ఒక్క మాట. రెండేళ్ల కిందట సగం ఛానళ్లు మాయమయ్యాయి, మిగతా సగం శుభ్రంగా వస్తున్నాయి. ఎల్‌ఎన్‌బీ దగ్గర కనెక్టర్ విప్పితే లోపలి నుంచి నీటి చుక్క జారింది, మధ్య తీగకు పచ్చగా చిలుం పట్టి ఉంది. బాక్సు ఒక రకం ఛానళ్లకు 13 వోల్టులు, ఇంకో రకానికి 18 వోల్టులు పంపుతుంది. చిలుం వల్ల ఆ 18 పైదాకా చేరడం లేదు. అప్పటి నుంచి కేబుల్‌ను కనెక్టర్ కింద ఒక వంపు వేలాడేలా వదులుతున్నాను, నీళ్లు అక్కడి నుంచే కారిపోతాయి.

కుండపోత వానకు మాత్రం ఇప్పటికీ సిగ్నల్ పోతుంది. దానికి ఏ చోటూ మందు కాదు.

ఇంకొక్క గొడవ మిగిలింది. డిష్ కిందికి దిగడంతో బట్టలారేసే తీగ సరిగ్గా దాని ముందుకొచ్చింది. పొడి చీర అంత అడ్డం కాదు గానీ, తడి దుప్పటి వేస్తే టీవీ నల్లబడుతుంది. తీగను అవతలి గోడకు మార్చాలి. మేకులు తెచ్చి పెట్టాను, ఇంకా కొట్టలేదు.