ఫ్లెక్సీ మెషినా, హైదరాబాద్ ఉద్యోగమా, ఇంట్లో కూర్చుని బయటి పనా: తెనాలిలో డిజైన్ వచ్చినవాడికి ఏది మేలు?

మా బావమరిది కొడుకు మొన్న ఒక కొటేషన్ పట్టుకుని వచ్చాడు. పది అడుగుల ఫ్లెక్సీ మెషిన్, ఎనిమిదిన్నర లక్షలు, అందులో ఆరు లక్షలు లోన్. "మామయ్యా, ఇదైతే ఊళ్ళోనే ఉండొచ్చు కదా" అన్నాడు. కుర్రాడి చేతిలో పనుంది, అక్షరాలు పేర్చడంలో మంచి కన్ను. వాడికి చెప్పిందే ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నా, ఫోటోషాప్ నేర్చుకుని ఊళ్ళో ఉన్న పిల్లలు చాలామంది ఈ మూడు దారుల దగ్గరే ఆగిపోతున్నారు కాబట్టి.

ముందు మెషిన్. నేను ఐదేళ్లు నడిపి 2021లో అమ్మేశాను. లెక్క చూడండి: పది బై ఎనిమిది ఫ్లెక్సీ అంటే 80 చదరపు అడుగులు, మా షాపులో అడుగుకి పది రూపాయలు, మొత్తం 800. అందులోనే ఫ్లెక్సీ రోలు, ఇంకు, కరెంటు, కుర్రాడి జీతం. మరి డిజైన్‌కి? సున్నా. "డిజైన్ ఫ్రీ" అని బోర్డు మీద మనమే పెద్దక్షరాలతో రాసుకుంటాం, తర్వాత మన పనికి విలువ లేదని మనమే ఏడుస్తాం!

ఒక డిసెంబరు 31 రాత్రి నాకు బాగా గుర్తు. ఒక నాయకుడి న్యూ ఇయర్ ఫ్లెక్సీ, పైన పెద్దాయన, మధ్యలో ఈయన, కింద మూడు వరసల్లో 41 మంది ముఖాలు. ఫోటోలన్నీ వాట్సాప్‌లో వచ్చినవి, సగం సెల్ఫీలు, ఒకటైతే పెళ్లి ఆల్బమ్‌ని ఫోన్‌తో తీసింది. కుర్చీ పక్కన నలుగురు కూర్చుని "అన్నా, మావాడిది రెండో వరసలో పెట్టు" అంటే, ఇంకొకడు ఫోన్ చేసి "మావాణ్ణి చివర్లో పెట్టారేంటి" అని గొడవ. మూడు గంటలు పట్టింది. అంతా అయ్యి ప్రింటు మొదలుపెట్టాక మెషిన్ హెడ్ చోక్ అయ్యి ఎరుపు రాలేదు, నాయకుడి ముఖం ఆకుపచ్చగా వచ్చింది. ఆ రాత్రి నేను డిజైనర్‌నా, మెషిన్‌కి పాలేరునా అని అనిపించింది. ఈఎంఐ ఉన్నంతకాలం అడుగుల లెక్కన ఏదొస్తే అది కొట్టాల్సిందే, బాగున్నదా లేదా అని చూసే తీరిక ఉండదు.

పైగా ఇంకో భయం. 2022 ఆగస్టులో అప్పటి ముఖ్యమంత్రి జగన్ విశాఖలో ప్లాస్టిక్ ఫ్లెక్సీల నిషేధం ప్రకటించారు. తర్వాత గడువు పొడిగించారు, ఫ్లెక్సీలు ఇప్పటికీ కనిపిస్తూనే ఉన్నాయి, అది వేరే సంగతి. కానీ ఆ వారం లోన్ మీద మెషిన్ పెట్టినవాళ్ల టెన్షన్ చూశాను.

హైదరాబాద్ ఉద్యోగం గురించి పెద్దగా చెప్పడానికి లేదు. మొదట్లో ఇచ్చేది హాస్టల్‌కి, తిండికి, బస్సుకి సరిపోతుంది, మిగలదు. అయినా రెండేళ్లు వెళ్లమనే అంటాను. అక్కడ నలుగురు మంచి డిజైనర్ల పక్కన కూర్చుంటారు, మీ పనిని ఎవరో ఒకరు తిడతారు. ఊళ్ళో దొరకనిది అదే.

తెనాలిలో విగ్రహాలు చేసేవాళ్లని చూస్తే నాకు అసూయ. 2021లో ఇనుప తుక్కుతో 14 అడుగుల ప్రధాని మోదీ విగ్రహం ఇక్కడే తయారై బెంగళూరు వెళ్లింది. వాళ్లు ఊరు వదలరు, ఆర్డరే ఊరికి వస్తుంది. నేర్చుకోవాలంటే షెడ్‌లో ఒక మూల నిలబడి చూస్తే చాలు. కంప్యూటర్ ముందు కూర్చునేవాడికి అలాంటి షెడ్ లేదు, తప్పు చేస్తే చెప్పేవాడూ లేడు.

ఇక మూడోది, ఇంటి నుంచి బయటి ఊళ్ల పని. యూట్యూబ్ థంబ్‌నెయిల్స్, అమెరికా తెలుగు సంఘాల ఉగాది ఫ్లయర్లు, పచ్చళ్ల ప్యాకెట్ల లేబుళ్లు. అన్నిటికంటే మంచిది ముంబై, బెంగళూరు ఏజెన్సీలు చేసే యాడ్‌ల తెలుగు వెర్షన్లు. వాళ్ల పోస్టర్లలో ఒత్తులు విడిపోయి, గుణింతాలు పక్కకి జరిగి కనిపించడం చూసే ఉంటారు. కారణం చిన్నది: అడోబ్ సాఫ్ట్‌వేర్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ (మన ఒత్తులు, గుణింతాలు సరిగ్గా కూర్చే సెట్టింగ్) ఆన్ చేయకుండా తెలుగు యూనికోడ్ పేస్ట్ చేస్తారు. లేదా యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు, అంటే అను ఫాంట్స్‌లో కొట్టిన మేటర్‌ని యూనికోడ్‌లోకి మార్చకుండా వాడతారు. అది సరిచేయడం, ఆ హెడ్డింగ్‌కి రామభద్ర ఫాంట్ నప్పుతుందా మండలి ఫాంట్ నప్పుతుందా అని చెప్పడం మనకి పది నిమిషాల పని. దానికి వాళ్లు "డిజైన్ చార్జ్" అనే పేరుతోనే డబ్బులిస్తారు, చదరపు అడుగులు అడగరు.

కష్టాలు లేవని కాదు. ఒక ఏజెన్సీ నాకు నాలుగు నెలలు డబ్బు ఆపింది. "చిన్న మార్పే" అంటూ తొమ్మిది సార్లు మార్పించినవాళ్లున్నారు. సంబంధాలు చూసేటప్పుడు "అబ్బాయి ఇంట్లోనే ఉంటాడా" అన్న ప్రశ్న కూడా ఉంది, తేలిగ్గా తీసేయకండి.

నన్నడిగితే, రెండేళ్లు హైదరాబాద్, తర్వాత ఊళ్ళో చిన్న షాపు, మెషిన్ మాత్రం వద్దు. ప్రింటు మెషిన్ ఉన్నవాడికి జాబ్ వర్క్ ఇవ్వండి. వాడు అడుగుకి ఏడు తీసుకుంటే మీకు మూడు, అంటే 80 అడుగులకి 240. అది షాపు అద్దెకి. డిజైన్‌కి వేరే బిల్లు. కట్టని కస్టమర్ పక్క షాపుకి వెళ్తాడు, వెళ్లనివ్వండి, మిగిలిన గంటలు బయటి పనికి.

"ఊళ్ళో డిజైన్‌కి డబ్బులు ఎవరిస్తారు మామయ్యా" అన్నాడు వాడు. కొటేషన్ ఇంకా స్కూటీ డిక్కీలోనే ఉంది. నిన్న మాత్రం ఒక టిఫిన్ సెంటర్ ఓపెనింగ్ కరపత్రానికి డిజైన్ 300 అని వేరుగా అడిగాడట. బేరమాడి 150 ఇచ్చారు.