కిల్లర్ పూల్‌లో ఫౌల్‌కు ఒక లైఫా, బాల్ ఇన్ హ్యాండా, రెండు లైఫ్‌లా: ఏది మేలు?

పబ్బుల్లో పూల్ టేబుల్ మీద కిల్లర్ ఆడేవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్న ఇది. ఆట అందరికీ తెలిసిందే: బోర్డు మీద పేరు పక్కన మూడు చాక్ గీతలు (ఒక్కో గీత ఒక లైఫ్), వంతుకు ఒకే షాట్, కర్రతో తెల్ల బంతిని కొట్టి ఏ బంతినైనా పాకెట్‌లో వేయొచ్చు, వేయలేకపోతే ఒక గీత చెరిపేస్తారు. ఆఖరికి గీత మిగిలినవాడిదే గెలుపు. ఇంతవరకు పేచీ లేదు. పేచీ అంతా ఫౌల్ దగ్గరే, అంటే తెల్ల బంతి ఏ బంతినీ తాకకపోవడం, లేదా అదే పాకెట్‌లో పడిపోవడం లాంటి తప్పుల దగ్గరే.

ఎక్కువ చోట్ల మిస్‌కూ ఫౌల్‌కూ ఒకటే లైఫ్ తీసేస్తారు. లెక్క సులువే కానీ, దూకుడుగా సాగాల్సిన ఆటను నీరుగార్చేది ఈ రూలే. ఆరుగురు ఆడుతున్నారనుకోండి. నాలుగోవాడి వంతు వచ్చేసరికి దగ్గరున్న బంతి కుషన్‌కు, అంటే టేబుల్ అంచుకు అతుక్కుని ఉంది, మిగతావి ఒకదానికొకటి ఆనుకుని గుంపుగా ఉన్నాయి. పాకెట్‌కు దారి ఉన్న బంతి ఒక్కటీ లేదు. ధైర్యం చేసి కొట్టినా లైఫ్ పోయేదే. అందుకని ఏ బంతినీ తాకకుండా తెల్ల బంతిని మెల్లగా దొర్లించి, గుంపు వెనక కుషన్‌కు ఆనించి వదిలేస్తాడు. ఎలాగూ పోయే లైఫే పోయింది, చిక్కు మాత్రం తర్వాతివాడి నెత్తిన పడింది. అతనూ అదే చేస్తాడు. రెండు చుట్లు తిరిగేసరికి బోర్డు మీద గీతలు చెరిగిపోతాయి, టేబుల్ మీద బంతులు మాత్రం ఉన్నచోటే ఉంటాయి.

దీనికి విరుగుడుగా కొందరు లైఫ్ తీసేసి, తర్వాతివాడికి బాల్ ఇన్ హ్యాండ్ ఇస్తారు, అంటే తెల్ల బంతిని ఇష్టమొచ్చిన చోట పెట్టుకుని కొట్టొచ్చు. ఇద్దరాడే ఎయిట్‌బాల్‌లో ఇది గట్టి శిక్షే, ఎదుటివాడికి కలిగే లాభమంతా మనకు నష్టమే కాబట్టి. ఆరుగురి ఆటలో ఆ లెక్క కుదరదు. ఆ అవకాశం ఒక్కడికే దక్కుతుంది. ఫౌల్ చేసినవాడికి పోయేది అదే ఒక్క లైఫ్, ఏ తప్పూ చేయని మిగతా నలుగురూ వెనకబడతారు. పైగా తర్వాతి వంతు స్నేహితుడిదైతే కావాలనే ఫౌల్ చేసి అతన్ని గట్టెక్కించొచ్చు.

నా ఓటు రెండు లైఫ్‌ల పద్ధతికే. శిక్ష పడాల్సినవాడికే పడుతుంది. అయితే దాన్ని అన్ని ఫౌల్‌లకూ ఒకేలా వేయకూడదు. బంతి పాకెట్‌లో పడి, దాని వెనకే తెల్ల బంతి కూడా పడితే అది ప్రయత్నించి చేసిన పొరపాటు. ఒక లైఫ్ చాలు, తర్వాతివాడు టేబుల్ మీద బ్రేక్ కొట్టే గీత వెనక నుంచి కొడతాడు. ఏ బంతినీ తాకకపోతే మాత్రం రెండు.

ఇక్కడే చాలామంది ఒక సందు వదిలేస్తారు. తెల్ల బంతిని పక్క బంతికి సుతారంగా ఆనించి ఆపేస్తే ‘తాకింది కదా’ అని ఒక్క లైఫ్‌తో బయటపడొచ్చు. అందుకే తాకిన తర్వాత ఏదో ఒక బంతి పాకెట్‌లో పడాలి, లేదా ఏదో ఒకటి కుషన్‌కు తగలాలి, లేకపోతే అదీ రెండు లైఫ్‌ల ఫౌలే అని ముందే చెప్పుకోవాలి. నిజంగా పాట్ చేయాలని, అంటే బంతిని పాకెట్‌లో వేయాలని కొట్టిన షాట్‌లో ఏదో ఒక బంతి కుషన్ దాకా వెళ్ళడం మామూలే కాబట్టి, నిజాయితీగా ఆడేవాడికి దీంతో ఇబ్బంది లేదు.

కొత్తవాళ్ళకు ఇది కఠినం కాదా అంటారు. కిల్లర్‌లో ఏ బంతినైనా కొట్టొచ్చు కాబట్టి, టేబుల్ మీద రెండు మూడు బంతులు మిగిలేదాకా ఒక్కటి కూడా నేరుగా కనిపించని పరిస్థితి అరుదు. అయినా భయంగా ఉంటే అందరికీ ఐదేసి లైఫ్‌లు ఇవ్వండి, రూల్‌ను మాత్రం సడలించకండి. ఒకే లైఫ్ ఉన్నవాడికి రెండు లైఫ్‌ల బెదిరింపు పనిచేయదన్నది నిజమే. కానీ మిస్సయినా అతను బయటికే, దాక్కుంటే కాపాడుకునేదేమీ లేదు. చచ్చినట్టు పాట్‌కే వెళ్ళాలి.

ఇద్దరే మిగిలాక మాత్రం ఒక లైఫ్‌కు, బాల్ ఇన్ హ్యాండ్‌కు మారిపోవడమే సరైనది. అప్పుడది నేరుగా ఫౌల్ చేసినవాడికే తగులుతుంది.

నల్ల బంతి వేస్తే అదనపు లైఫ్ అనేది ఎనిమిది మంది పైన ఆడితే సరదా, తక్కువమందికి అనవసరం. పేర్చిన బంతులను చెదరగొట్టే మొదటి షాట్‌కు, అంటే బ్రేక్‌కు లైఫ్ తీయకండి. నాణెం వేసి ఆడే కాయిన్ టేబుల్‌లో ఫౌల్‌తో పడిన బంతి తిరిగి రాదు, దాన్ని లెక్కలోంచి వదిలేయండి. బంతులు అయిపోయి కొత్త ర్యాక్ పేర్చినప్పుడల్లా వంతులకు మళ్ళీ చీటీలు తీయండి. బాగా ఆడేవాడు పాట్ చేసి, తెల్ల బంతిని తర్వాతివాడికి చిక్కుగా వదులుతాడు, ఆట సాగినంతసేపూ అతని వెనక ఒక్కడే ఇరుక్కోవడం అన్యాయం.