చూపులేని విద్యార్థికి సెమిస్టర్ పరీక్ష: స్క్రైబా, కంప్యూటరా?

స్క్రైబ్‌తో (విద్యార్థి చెప్పే జవాబులు రాసిపెట్టే మనిషితో) రాయాలా, కంప్యూటర్‌పై రాయాలా అన్న ఎంపికను 2018 నాటి కేంద్ర మార్గదర్శకాలు వీలైనంతవరకు విద్యార్థికే వదిలాయి. వాటిలో అదనపు సమయం గంటకు కనీసం 20 నిమిషాలు, అంటే మూడు గంటల పేపరుకు ఇంకో గంట.

స్క్రైబ్‌తో ఏర్పాటు తేలిక. బొమ్మలు, సమీకరణాలు ఉన్న పేపర్లకు ఇదే నయం. పరీక్షకు రెండు రోజుల ముందే స్క్రైబ్‌ను కలిసే అవకాశం ఇవ్వాలి. అప్పుడు పాత పేపరొకటి చదివించి, ఒక పేరా రాయించి చూడండి; సబ్జెక్టు మాటల దగ్గర తడబాటు అక్కడే తెలిసిపోతుంది. చివరి నిమిషంలో స్క్రైబ్ రాకపోవడం తరచూ వచ్చే చిక్కు. విభాగం దగ్గర అదనపు పేర్లు సిద్ధంగా ఉండి తీరాలి.

పెద్ద జవాబులకు మాత్రం కంప్యూటరే మేలు. రాసింది తనే విని, తనే దిద్దుకోవచ్చు. మార్కులు ఇంకొకరి అక్షరదోషాల మీద ఆధారపడవు. తెరపై ఉన్నది చదివి వినిపించే ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడర్ ఉచితం, తెలుగూ చదువుతుంది. అసలు ఇబ్బంది ప్రశ్నపత్రంతోనే. యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో టైపు చేసిన తెలుగు స్క్రీన్ రీడర్‌లో అర్థంలేని అక్షరాల కుప్పలా వినిపిస్తుంది, స్కాన్ చేసిన పీడీఎఫ్‌లో ఏమీ వినిపించదు. యూనికోడ్‌లో (కంప్యూటర్లన్నీ గుర్తించే అక్షర పద్ధతిలో) టైపు చేసిన వర్డ్ ఫైలు ఇవ్వమని నెల ముందే రాతపూర్వకంగా అడగండి. ముందురోజు అదే కంప్యూటర్‌పై హెడ్‌ఫోన్, కీబోర్డ్ లేఅవుట్, ఆటోసేవ్, యూపీఎస్ పరీక్షించండి. తెలుగు టైపింగ్ వేగం అందుకోని విద్యార్థి మొదటి సెమిస్టర్ స్క్రైబ్‌తో రాసి, ఇంటర్నల్ పరీక్షల్లో కంప్యూటర్ అలవాటు చేసుకోవడం మంచిది.