సాయంత్రం తిండి బండ్లు ఎక్కడుండాలి: కర్నూలుకు ఏది మేలు?

కార్పొరేషన్‌లో ట్రాఫిక్ మాట ఎత్తినప్పుడల్లా అందరి కన్నూ ముందు బండ్ల మీదే పడుతుంది. రాజ్‌విహార్ సెంటరు గానీ, పాతబస్టాండు గానీ, సి క్యాంపు గానీ, పొద్దు వాలితే బజ్జీల బండి, దోసెల బండి, పానీపూరి బండి వరసగా వచ్చి నిలబడతాయి. వాటి ముందు బైకులు, బైకుల పక్కన ఆటోలు, వెనకాల దారి కోసం హారన్లు. బండ్లు తీసేయమని కొందరు, పేదోళ్ల పొట్ట కొట్టొద్దని ఇంకొందరు. ఏళ్లుగా ఈ వాదన ఇక్కడే ఆగిపోతోంది.

తీసేయడం, వదిలేయడం అని రెండే దారులున్నట్టు మాట్లాడుకోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది. దేశంలో నగరాలు చేస్తున్నది చూస్తే మూడు పద్ధతులు కనిపిస్తాయి. బండ్లను ఉన్నచోటే ఉంచి గీతలు గీసి చోటు చూపించడం ఒకటి. అన్నింటినీ ఒకచోటికి చేర్చి ఫుడ్ స్ట్రీట్ పెట్టడం రెండోది. సాయంత్రం కొన్ని గంటలు ఒక రోడ్డు మీద వాహనాలు ఆపేసి జనానికి వదలడం మూడోది. ఊరంతటికీ ఒకే పద్ధతి పెట్టాలనుకుంటే మూడూ బెడిసికొడతాయని నా అభిప్రాయం. బండి ఎవరి ఆకలి తీరుస్తోందో చూసి దాని చోటు నిర్ణయించాలి.

ఉన్నచోటే ఉంచితే

పెద్దాసుపత్రి బయట రాత్రి తొమ్మిదింటప్పుడు ఒకసారి నిలబడి చూడండి. ఆ ఆసుపత్రికి కర్నూలు, నంద్యాల జిల్లాల నుంచే కాదు, తెలంగాణ వైపు నుంచి, కర్ణాటక సరిహద్దు ఊళ్ల నుంచి కూడా వస్తారు. లోపల మంచం మీద ఒకరుంటే బయట ఇద్దరు కాచుకొని ఉంటారు. ఇడ్లీ బండి దగ్గరికి ఒక పెద్దాయన వచ్చి నాలుగు ఇడ్లీలు కవర్లో కట్టించుకుంటాడు. చంకలోంచి ఫ్లాస్కు తీసి, "అక్కా, ఇందులోకి ఇన్ని వేణ్ణీళ్లు పోయవా?" అంటాడు. ఆమె ఇడ్లీ పాత్ర పక్కన కాగుతున్న గిన్నెలోంచి పోస్తుంది, దానికి డబ్బులు అడగదు. ఆయన మళ్లీ గేటు లోపలికి పోయేసరికి ఐదు నిమిషాలు కూడా కాదు.

ఈ బండిని తీసి స్టేడియం పక్కన అందమైన ఫుడ్ స్ట్రీట్‌లో పెట్టామనుకోండి. ఆయన మంచం దగ్గర మనిషిని వదిలి, పోను రాను ఆటో పెట్టుకొని ఇడ్లీల కోసం అంతదూరం పోతాడా? పోడు. ఆమెకు బేరం పోతుంది, ఆయనకు పూట తిండి పోతుంది. బస్టాండు దగ్గర టిఫిన్ బండికీ ఇదే లెక్క. తెల్లవారి కూలీలు నిలబడే అడ్డా పక్కన ఉగ్గాణి, బజ్జీ అమ్మే బండికీ ఇదే లెక్క. అవి అక్కడ ఎందుకున్నాయంటే, తినేవాళ్లు అక్కడున్నారు గనుక.

చట్టం కూడా ఈ మాటే చెబుతోంది. 2014లో పార్లమెంటు చేసిన వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ముందు సర్వే జరగాలి, అందరికీ సర్టిఫికెట్లు ఇవ్వాలి. అది పూర్తయ్యేదాకా ఉన్నవాళ్లను కదిలించకూడదు. అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ ఎన్నో ఏళ్లుగా కలుస్తూ తనంతట తాను ఏర్పడిన బజారును 'అమ్మకూడని ప్రాంతం'గా ప్రకటించకూడదు. రద్దీగా ఉందన్నది ఒక్కటే కారణంగా చూపడానికీ వీల్లేదు. మురికి అనే కారణం చెప్పాలన్నా, ఆ మురికి బండ్ల వల్లే వచ్చిందని, ఊడ్పించి కడిగించినా పోదని తేలాలి. మార్చక తప్పని పరిస్థితి వస్తే ముప్పై రోజుల నోటీసు ఇవ్వాలి. సామాన్లు పట్టుకుపోతే జాబితా రాసివ్వాలి. కూరగాయల్లాంటి పాడైపోయే సరుకును అడిగిన రోజే తిరిగివ్వాలి, మిగతావి రెండు పనిదినాల్లో. ఈ చివరి సంగతి మన బండ్లవాళ్లలో చాలామందికి తెలియదు. లారీలో ఎక్కించుకుపోయిన తక్కెడ, స్టవ్వు ఇక రావనుకొని అప్పుచేసి కొత్తవి కొనుక్కుంటారు.

ఇంకో గందరగోళం ఆశీలు, అంటే రోజువారీ బజారు రుసుము, దగ్గర ఉంది. రోజూ ఆశీలు కడుతున్నాం, రసీదు ఉంది, కాబట్టి చోటు మాదే అనుకుంటారు. ఆ రసీదు వేరు, చట్టం చెప్పిన వెండింగ్ సర్టిఫికెట్ వేరు. రేపు ఎవరైనా వచ్చి కదలమంటే చేతిలో ఉండాల్సింది సర్టిఫికెట్.

మరి ట్రాఫిక్ మాటేంటి? ఇక్కడ కొలతలు మాట్లాడుకోవాలి. మామూలు తోపుడు బండి ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. ఒక కారు పార్కింగుకు ఐదు మీటర్ల పొడవు, రెండున్నర మీటర్ల వెడల్పు చూపిస్తారు. ఒక కారు చోట్లో నాలుగు బండ్లు పెట్టి, ముందు మనుషులు నిలబడ్డానికి కూడా కాస్త మిగులుతుంది. నాలుగు బండ్లంటే నాలుగు కుటుంబాలు. కారంటే, షాపింగుకు పోయినాయన తిరిగొచ్చేదాకా ఎండలో ఉండే ఇనుము. రోడ్డును నిజంగా మింగేది బండి కాదు, బండి దగ్గరికి వచ్చినవాళ్లు అడ్డదిడ్డంగా పెట్టే బైకులు. కదలకుండా, బైకు మీద కూర్చునే ప్లేటు పట్టుకొని తినే అలవాటు మనది. అందుకే బండికి గీత గీసిన చోటే, దాని పక్కన బైకులకూ ఒక గీత గీయాలి. దీనికి డబ్బా పెయింటు చాలు, టెండర్లతో పనిలేదు.

ఈ పద్ధతిలో లోపం శుభ్రత. ఒక బక్కెట్ నీళ్లలో సాయంత్రమంతా ప్లేట్లు ముంచి తీయడం మనమందరం చూస్తున్నాం, చూస్తూనే తింటున్నాం. వాడిన నూనె, ఎంగిలి, పేపర్ ప్లేట్లు పక్క కాలువలోకి పోతాయి. ఆ కాలువలు చివరికి పోయేది హంద్రీలోకి, తుంగభద్రలోకి. 2009 అక్టోబరు వరదలో పాతబస్తీ మునగడం చూసిన ఊరు మనది, పూడిన కాలువ ఏం చేస్తుందో ఎవరూ చెప్పక్కర్లేదు. పదేసి బండ్లకు ఒక కుళాయి, రెండు చెత్త డబ్బాలు, రాత్రి పదకొండుకు చెత్త లారీ వచ్చి ఎత్తుకుపోవడం, ఇంతమాత్రం కార్పొరేషన్ చెయ్యకపోతే ఉన్నచోటే ఉంచడమనేది వదిలేయడమే అవుతుంది.

ఒకచోటికి చేరిస్తే

ఫుడ్ స్ట్రీట్‌కు మంచి పేరుంది, ఆ పేరు ఊరికే రాలేదు. ఇందోర్‌లో సరాఫా బజారు పగలు బంగారం అంగళ్లు, అవి మూసేశాక రాత్రి తిండి అంగళ్లు. అదే వీధి, అవే మెట్లు, రెండు పూటలా రెండు వ్యాపారాలు. అహ్మదాబాద్ మాణెక్‌చౌక్ కూడా అంతే. ఆ ఊళ్లకు పోయినవాళ్లు రాత్రి అక్కడ తినకుండా తిరిగి రారు. మన దగ్గర విజయవాడలో స్టేడియం దగ్గర బండ్లను ఒకచోట పెట్టారు. ఒకచోట ఉంటే నీళ్లు, కరెంటు, మరుగుదొడ్డి, మురుగునీటి గుంట అన్నీ ఒకేసారి కట్టొచ్చు. ఆడవాళ్లు, పిల్లలు నెమ్మదిగా కూర్చొని తినొచ్చు. ఫుడ్ ఇన్‌స్పెక్టరు ఒక్క సాయంత్రంలో అందరినీ చూసిపోవచ్చు. తినేవాడి కడుపుకు ఇదే మేలు, ఒప్పుకోవాలి.

అయితే సరాఫాను ఎవరో ఆర్డరు వేసి పుట్టించలేదు. ఉన్న బజారు మీదే అది పెరిగింది. ఆర్డరుతో పుట్టినదానికి ఆర్డరుతోనే గండం. విశాఖలో పాత జైలు రోడ్డు నైట్ ఫుడ్ కోర్టు ఎంత నడిచినా 2025 సెప్టెంబరులో అక్కడి నగరపాలక సంస్థ జీవీఎంసీ దాన్ని తొలగించింది. ఏళ్ల తరబడి అక్కడ పొయ్యి వెలిగించినవాళ్లు మళ్లీ మొదటికొచ్చారు. చేతిలో హక్కు కాగితం లేకుండా కొత్త చోటికి పోయిన బండికి పాత చోటూ మిగలదు, కొత్త చోటుకూ భరోసా ఉండదు.

ఇంకోటి, చోటు అందంగా తయారయ్యేకొద్దీ రేటు పెరుగుతుంది. ఒకేరకం స్టాళ్లు, రంగుల లైట్లు, నెల అద్దె, డిపాజిట్ అంటే, రోజుకు వెయ్యి, పన్నెండొందల బేరం మీద బతికే బజ్జీల బండి అక్కడ నిలవదు. ఆ స్టాలు మెల్లగా మూడు చోట్ల షాపులున్న మనిషి చేతిలోకి పోతుంది. పేరు వీధి వ్యాపారులది, వ్యాపారం ఇంకొకరిది.

అలాగని ఇది కర్నూలుకు పనికిరాదని అనను. షవర్మా, చాట్, ఐస్‌క్రీమ్, కూల్‌డ్రింకులు, పిల్లలతో కలిసి ఆదివారం సాయంత్రం తినడానికి పోయే బండ్లు ఇవి. వీటికోసం జనం బైకేసుకొని పది నిమిషాల దూరమైనా వస్తారు. వీటిని ఫుడ్ స్ట్రీట్‌కు పంపితే బేరం పెరిగేదే గానీ తగ్గేది కాదు. చోటు కూడా ఉంది. 1953 నుంచి 56 దాకా ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న రోజుల్లో ఆఫీసుల కోసం, ఉద్యోగుల కోసం వేసిన క్యాంపులు మనవి. ఆఫీసులున్న రోడ్లు సాయంత్రం ఆరు దాటితే ఖాళీ. పగలు ఉద్యోగులవి, రాత్రి తిండివి అనేలా వాటిని వాడుకోవచ్చు. కొత్తగా స్థలం వెతకడం, షెడ్లు కట్టడం అక్కర్లేదు. సరాఫా పద్ధతిలో మనం నేర్చుకోవాల్సింది ఇదే.

రోడ్డు మూసేస్తే

దీని గురించి ఎక్కువ చెప్పను. ఢిల్లీ చాందినీచౌక్‌లో 2021 నుంచి పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిదిదాకా మోటారు వాహనాలకు ప్రవేశం లేదు. అక్కడ మెట్రో ఉంది, చుట్టూ వేరే దారులున్నాయి. మనకు ఒకవైపు తుంగభద్ర, ఊరి మధ్యలో హంద్రీ, దాటడానికి వంతెనలు తక్కువ. ఒక మెయిన్ రోడ్డు మూస్తే ఆ ట్రాఫిక్కంతా వంతెన మీదికి చేరుతుంది, దాని మధ్యలో ఆసుపత్రికి పోయే అంబులెన్సులుంటాయి. అందుకని రోజూ మూయడం నాకు ఇష్టం లేదు. కొండారెడ్డి బురుజు చుట్టుపక్కల మాత్రం ఆదివారం సాయంత్రాలు రెండు మూడు గంటలు, బస్సులకు ముందే దారి మళ్లించి, నాలుగైదు వారాలు చేసి చూడొచ్చు. ఎండాకాలంలో నలభై దాటే ఊరు గనుక సాయంత్రం ఆరు లోపల ఎవరూ రారు, ఆ తర్వాతే పెట్టాలి. అక్కడి అంగళ్లవాళ్లను ముందే అడగాలి. వాళ్లు వద్దంటే ఆపేయాలి.

హోటళ్ల కుర్చీల సంగతి

ఈ చర్చలో ఎవరూ ఎత్తని మాట ఇది. న్యూయార్క్‌లో 2020లో కరోనా వచ్చినప్పుడు హోటళ్లను రోడ్డు మీద బల్లలు వేసుకోనిచ్చారు. తర్వాత 2023లో దానికో చట్టం చేశారు. ఆ చట్టంలో రోడ్డు మీద బల్లలకు ఏప్రిల్ నుంచి నవంబరు దాకానే అనుమతి, దానికి ఫీజు, కొలతలు పెట్టారు. మన దగ్గర అనుమతీ లేదు, ఫీజూ లేదు, బల్లలు మాత్రం ఉన్నాయి. హోటలు మెట్లు ఫుట్‌పాత్ మీదికి దిగుతాయి, బోర్డు బయటికొస్తుంది, జనరేటరు ఇంకాస్త ముందు ఉంటుంది, దాని ముందు ప్లాస్టిక్ కుర్చీలు. ఫుట్‌పాత్ మీద నడవడానికి కనీసం 1.8 మీటర్లు అడ్డులేకుండా ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం. ఆక్రమణల తొలగింపు డ్రైవ్ వచ్చిన రోజు లారీలో ఎక్కేది తోపుడు బండి, జనరేటరు కదలదు. సొంత గోడలు, పైకప్పు ఉన్న హోటలాయనకు ఫుట్‌పాత్ కూడా ఇచ్చి, ఏమీ లేని బండి ఆమెను తరమడం నాకు ఎంత ఆలోచించినా న్యాయంగా కనిపించదు. కుర్చీలు కావాలంటే 1.8 మీటర్లు వదిలి, ఫీజు కట్టి వేసుకోనివ్వండి. ఆ చోటు లేనిచోట వద్దు.

రోడ్డు వెడల్పు చేస్తే అన్నీ సర్దుకుంటాయనేవాళ్లున్నారు. వెడల్పు చేసిన చోట పెరిగిన భాగమంతా ఏడాదిలోపే పార్కింగ్ అయిపోవడం మనం చూస్తూనే ఉన్నాం.

నా లెక్క ప్రకారం

ఆసుపత్రి, బస్టాండు, రైల్వే స్టేషను, అడ్డాల దగ్గర బండ్లు ఉన్నచోటే ఉండాలి, గీతలతో, కుళాయిలతో. షికారుకొచ్చి తినే బండ్లకు ఆఫీసు రోడ్ల మీద రాత్రి ఫుడ్ స్ట్రీట్, ఇష్టపడి వచ్చేవాళ్లకు ముందు, సర్టిఫికెట్ ఇచ్చాకే. స్టాలు ఎవరి పేరుమీద ఉందో ఆ మనిషే నడపాలి. బురుజు దగ్గర ఆదివారం ప్రయత్నం ఒకటి. హోటళ్లకూ బండ్లకూ ఒకే కొలబద్ద.

వీటన్నిటికీ మొదలు టౌన్ వెండింగ్ కమిటీ. వీధి వ్యాపారుల చట్టం ప్రకారం దానికి కమిషనరు అధ్యక్షుడు, సభ్యుల్లో నలభై శాతం తగ్గకుండా వీధి వ్యాపారులే ఎన్నుకున్నవాళ్లు ఉండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు. ఊరి జనాభాలో రెండున్నర శాతం వరకు చోటు చూపించాలని ఆ చట్టంలోనే ఉంది. 2011 లెక్కలకే మన జనాభా నాలుగు లక్షలు దాటింది. నాలుగు లక్షలకే లెక్కేసినా పదివేల మంది అవుతారు. సర్వే ఐదేళ్లకోసారి చేయాలి.

మీ డివిజన్‌లో కార్పొరేటరో, అధికారో ఈసారి బండ్ల మాట ఎత్తితే ఈ మూడూ అడగండి: చివరి సర్వే ఎప్పుడు జరిగింది, మన డివిజన్‌లో ఎంతమందికి సర్టిఫికెట్లు ఇచ్చారు, వెండింగ్ కమిటీ చివరి సమావేశం మినిట్స్ ఎక్కడ దొరుకుతాయి. నోటిమాటగా చెబితే సరిపెట్టుకోవద్దు. సమాచార హక్కు కింద పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెడితే ముప్పై రోజుల్లో కాగితం మీద జవాబు ఇవ్వాలి. దరఖాస్తు రాయడం రాని బండి ఆమె మీ వీధిలో ఉంటే, ఆమె తరఫున మీరే రాసిపెట్టండి.